పాల్పేషన్‌లో చేతి ఒత్తిడిని సరిగా అంచనా వేయడం ఎలా నేర్పించాలి?

రోగి శరీరాన్ని చేత్తో తడిమి, నొక్కి పరీక్షించడాన్నే పాల్పేషన్ అంటారు. అందులో "ఎంత గట్టిగా నొక్కాలి?" అన్నది ఫిజియోథెరపీ నేర్చుకుంటున్నవారి నుంచీ, వారికి నేర్పుతున్నవారి నుంచీ పదేపదే వచ్చే ప్రశ్న. దీనికి సాధారణంగా దొరికే జవాబులు "మృదువుగా", "కాస్త లోతుగా", "రోగి ఓర్చుకునేంత" అన్న తరహాలో ఉంటాయి. ఈ మాటల్లో తప్పేమీ లేదు గాని, వీటిని విన్న పదిమంది పదిరకాల బలంతో నొక్కుతారు. ఒకే రోగి నడుమును అనుభవజ్ఞులైన థెరపిస్టులు పలువురు పరీక్షించిన అధ్యయనాల్లో కూడా వారు ప్రయోగించిన బలాల మధ్య పెద్ద తేడాలే కనిపించాయి. సోమవారం ఒకరు గట్టిగా నొక్కి నొప్పి ఉందని రాసి, గురువారం మరొకరు తేలికగా నొక్కి నొప్పి తగ్గిందని రాస్తే, అక్కడ మారింది రోగి కండరమా, నొక్కిన చెయ్యా అన్నది ఎవరికీ తెలియదు. అందుకే ఈ నైపుణ్యాన్ని అనుభవంతో దానంతట అదే వస్తుందని వదిలేయకుండా, కొలిచి నేర్పించాలని నా గట్టి అభిప్రాయం.

ఈ మార్గదర్శిని ప్రధానంగా శిక్షకుల కోసం రాసినదే అయినా, ఒంటరిగా సాధన చేయదలచినవారు కూడా చిన్న మార్పులతో ఇదే పద్ధతిని అనుసరించవచ్చు. పద్ధతి అంతటికీ మూలం ఒక్కటే: మొదట నొక్కాలి, తరవాత అంచనా చెప్పాలి, ఆ తరవాతే అంకె చూడాలి. ఈ వరుస తారుమారైతే ఎంతసేపు సాధన చేసినా చేతికి రావలసిన జ్ఞానం రాదు.

మొదలుపెట్టే ముందు తెలియవలసిన సిద్ధాంతం

బలం వేరు, ఒత్తిడి వేరు. తూకం యంత్రం చూపేది బలాన్ని. రోగికి తెలిసేది, ఆ బలం ఎంత వైశాల్యం మీద పడిందో దాన్నిబట్టి మారే ఒత్తిడి. ఒక కిలో బలం ఒక చదరపు సెంటీమీటరు మీద పడినప్పటి ఒత్తిడి, అదే బలం నాలుగు చదరపు సెంటీమీటర్ల మీద పడినప్పటి ఒత్తిడికి నాలుగు రెట్లు. కాబట్టి "ఒక కిలో" అని మాత్రమే చెప్పకుండా, "బొటనవేలి మెత్తని భాగంతో ఒక కిలో" అని, "మూడు వేళ్ళు కలిపి ఒక కిలో" అని, ఏ భాగంతో నొక్కాలో కూడా ప్రతిసారీ చెప్పండి. ఒక కిలో బరువు కలిగించే బలం సుమారు 9.8 న్యూటన్లు. సాధనలో పదిగా లెక్కించుకున్నా నష్టం లేదు.

కావలసినవి

- గ్రాముల్లో చూపే డిజిటల్ కిచెన్ స్కేలు ఒకటి. ఇలాంటివి చాలావరకు 5 కిలోల వరకే తూస్తాయి. 10 కిలోల వరకు తూసేది దొరికితే ఇంకా మంచిది. సున్నాకు తెచ్చే బటన్ తప్పనిసరిగా ఉండాలి.
- ముల్లు తిరిగే పాతరకం బాత్‌రూమ్ తూకం యంత్రం ఒకటి. డిజిటల్ బాత్‌రూమ్ యంత్రాలు చాలావరకు అంకెను ఒకచోట నిలిపివేస్తాయి గనుక, మారుతూ ఉండే బలాన్ని చూడడానికి అవి పనికిరావు.
- చికిత్స బల్ల మీద పరచడానికి గట్టి చెక్కపలక.
- మడతపెట్టిన తువ్వాలు, రెండు మూడు సెంటీమీటర్ల మందం గల మెత్తని ఫోమ్, గట్టి ఫోమ్.
- అంకెను కప్పడానికి ఒక అట్టముక్క, రాసుకోవడానికి పుస్తకం, సెకన్లు చూపే గడియారం.

ప్రెషర్ ఆల్గోమీటర్ (ఎంత బలంతో నొక్కితే నొప్పి మొదలవుతుందో కొలిచే పరికరం) అందుబాటులో ఉంటే చివరి దశల్లో బాగా ఉపయోగపడుతుంది, కాని అది లేదని శిక్షణ ఆపనవసరం లేదు. కిచెన్ స్కేలు కూడా లేనిచోట రక్తపోటు కొలిచే పట్టీని మడిచి, 20 మిల్లీమీటర్ల పాదరసం వరకు గాలి నింపి, దానిమీద వేళ్ళతో నొక్కుతూ ముల్లు ఎంత పెరుగుతుందో చూడవచ్చు. ఈ పద్ధతిలో వచ్చే అంకెను కిలోల్లోకి మార్చడానికి ప్రయత్నించకండి. పట్టీ మడత, వేళ్ళు ఆనిన వైశాల్యం మారినప్పుడల్లా ఆ లెక్క కూడా మారిపోతుంది. ఒకే మనిషి ఒకే రకంగా మళ్ళీ నొక్కగలుగుతున్నాడా లేదా అన్నది తెలుసుకోవడానికి మాత్రం ఇది చాలు.

1. యంత్రాన్ని పరీక్షించండి

ఖాళీ సీసాను స్కేలు మీద పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, కొలపాత్రతో సరిగ్గా ఒక లీటరు నీళ్ళు పోయండి. 1000 గ్రాములకు పది ఇరవై గ్రాములు అటూ ఇటూగా చూపితే మన పనికి సరిపోతుంది. తరవాత అదే సీసాను స్కేలు నాలుగు మూలలా పెట్టి చూడండి. మూలల్లో అంకె బాగా మారుతూ ఉంటే, సాధన అంతా నడిమధ్యనే జరిగేలా అక్కడ ఒక గుర్తు పెట్టండి.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. కొన్ని డిజిటల్ స్కేళ్ళు అతినెమ్మదిగా పెరిగే బరువును యంత్రంలోని స్వల్ప మార్పుగా భావించి సున్నాలోనే కలిపేసుకుంటాయి. అలాంటి స్కేలు మీద మరీ మెల్లగా నొక్కడం మొదలుపెడితే వేలు నిజంగా ప్రయోగించిన దానికంటే తక్కువ అంకె కనిపిస్తుంది. ఒక సెకను వ్యవధిలో అనుకున్న బలానికి చేరుకుని అక్కడ ఆగితే ఈ చిక్కు రాదు.

2. స్థలాన్ని సిద్ధం చేయండి

స్కేలును నేరుగా మెత్తని చికిత్స బల్ల మీద పెట్టకండి. దాని కాళ్ళు పరుపులోకి దిగబడి, అడుగుభాగం ఆనుకుని, అంకె తప్పుగా వస్తుంది. చెక్కపలక వేసి, దానిమీద స్కేలు, దానిమీద మడతపెట్టిన తువ్వాలు పెట్టి, అప్పుడు సున్నాకు తెండి. బల్ల ఎత్తు, నేర్చుకునేవారు నిలబడి చేతులు చాచినప్పుడు భుజాలు పైకి లేవకుండా, మోచేతులు దాదాపు నిటారుగా ఉండి, శరీరాన్ని కొద్దిగా ముందుకు వంచితే బలం దానంతట అదే కిందికి దిగేలా ఉండాలి.

బలం నిలువుగా దిగడం ఎందుకు ముఖ్యమో మొదటి రోజే చూపించండి. నిలువు నుంచి 30 డిగ్రీలు పక్కకు వాలి నొక్కితే చేతి బలంలో సుమారు 13 శాతం స్కేలుకు చేరదు. 45 డిగ్రీలు వాలితే దాదాపు 30 శాతం చేరదు. పక్కకు పోయిన బలం రోగి చర్మాన్ని లాగడానికే ఖర్చవుతుంది. నిజమైన రోగి దగ్గర "లోతుగా నొక్కుతున్నాను, కాని ఏమీ అందడం లేదు" అనే చాలామంది ఇబ్బందికి కారణం ఈ వాలే.

3. ఏమీ నేర్పకముందే ఒకసారి కొలవండి

ఈ దశను దాటవేయాలని అనిపిస్తుంది; దయచేసి దాటవేయకండి. అంకెను అట్టముక్కతో కప్పి, నేర్చుకునేవారిని "తేలికగా", "మధ్యస్థంగా", "లోతుగా" అని మూడు స్థాయుల్లో ఒక్కొక్కటి ఐదుసార్లు నొక్కమనండి. స్థాయులను వరుసగా కాకుండా కలగలిపి అడగండి. వచ్చిన అంకెలను మీరు రాసుకోండి గాని వారికి చెప్పకండి. అందరూ అయ్యాక కాగితాలు పక్కపక్కన పెడితే ఒకరి "లోతు" మరొకరి "తేలిక" కంటే తక్కువగా ఉండడం సులువుగా కనిపిస్తుంది. మాటలతో మాత్రమే సూచనలు ఇవ్వడం ఎందుకు చాలదో తరగతికి వివరించడానికి దీనికి మించిన రుజువు అక్కర్లేదు, పైగా చివర్లో పోల్చుకోవడానికి ఆధారం కూడా దొరుకుతుంది.

4. గుర్తుబలాలను పరిచయం చేయండి

గుర్తుబలం అంటే చేతికి గుర్తుండేలా సాధన చేసే నిర్ణీత బలం. అలాంటివి ఐదు చాలు: 200 గ్రాములు, 500 గ్రాములు, 1 కిలో, 2 కిలోలు, 4 కిలోలు. ఇందులో మొదటి నాలుగు సాధన సౌకర్యం కోసం ఎంచుకున్నవే తప్ప, ఫలానా కణజాలానికి ఫలానా బరువు అన్న నియమాలు కావు. 4 కిలోలకు మాత్రం ఒక చరిత్ర ఉంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 1990లో ప్రకటించిన ఫైబ్రోమయాల్జియా (ఒళ్ళంతా దీర్ఘకాలం నొప్పులు ఉండే జబ్బు) ప్రమాణాల్లో 18 బిందువులను సుమారు 4 కిలోల బలంతో నొక్కి, కనీసం 11 చోట్ల నొప్పి ఉందా అని చూడాలని చెప్పారు. 2010 ప్రమాణాల్లో ఆ బిందువుల లెక్క తీసివేసినా, 4 కిలోలంటే చేతికి ఎలా ఉంటుందో తెలిసి ఉండడం ఇప్పటికీ ఉపయోగకరమే.

ఈ దశలో అంకెను చూస్తూనే నొక్కనివ్వండి, కాని ఒక్కొక్క బలానికి నాలుగైదు సార్లకు మించనివ్వకండి. నొక్కినప్పుడు గోరు రంగు, వేలి కీలు వంపు, ముంజేతి కండరాల బిగువు ఎలా ఉన్నాయో గమనించమనండి. బొటనవేలితో 4 కిలోలకు చేరేసరికి గోరు తెల్లబడుతుందని తరచుగా చెబుతారు. నిజానికి ఎంత బలానికి ఎంతమేర తెల్లబడుతుందన్నది గోరును బట్టి, నొక్కే కోణాన్ని బట్టి మారుతుంది. కాబట్టి ఇతరుల గుర్తును నమ్ముకోకుండా, ఎవరి గోటి గుర్తును వారే స్కేలు మీద చూసి పుస్తకంలో రాసుకోవాలి.

హెచ్చరిక: 5 కిలోల స్కేలు మీద 4 కిలోలను ఒక్కసారిగా కుదుపుతో నొక్కితే దాని సామర్థ్యం దాటి యంత్రం పాడవుతుంది. 10 కిలోల స్కేలు లేకపోతే ఆ స్థాయిని బాత్‌రూమ్ యంత్రం మీద సాధన చేయించండి.

5. నొక్కి, చెప్పి, చూడండి

శిక్షణకు గుండెకాయ ఇదే; సమయంలో సగం దీనికే ఇవ్వండి. అంకెను కప్పండి. మీరు ఒక గుర్తుబలం చెప్పాలి. నేర్చుకునేవారు ఒక సెకనులో ఆ బలానికి చేరి, రెండు మూడు సెకన్లు నిలిపి, "ఇది ఒక కిలో కంటే కాస్త ఎక్కువైంది, 1100 అయి ఉంటుంది" అని తమ అంచనాను పైకి అనాలి. చెయ్యి తీసిన తరవాతే మీరు అసలు అంకె చెప్పాలి. పైకి అనడం అన్న చిన్న పని ఎంతో తేడా తెస్తుంది. అంచనా చెప్పకుండా అంకె వింటే "అవును, నాకూ అలాగే అనిపించింది" అని మనసు సర్దుకుంటుంది; నోటితో చెప్పిన అంచనా తప్పయితే సర్దుకోవడానికి దారి ఉండదు, తరవాతిసారి చెయ్యి తప్పక సరిదిద్దుకుంటుంది.

మొదట్లో ప్రతి నొక్కు తరవాత అంకె చెప్పండి. ఇరవై ముప్ఫై సార్లు గడిచాక, ఐదు నొక్కులకు ఒకసారి మాత్రమే ఐదు అంకెలూ కలిపి చెప్పండి. ప్రతిసారీ ఫలితం వింటూ సాధన చేసినవారు ఆ పూటకు చక్కగా చేస్తారు గాని, ఫలితం చెప్పేవారు లేనప్పుడు తడబడతారు. అంకె చూస్తూ నొక్కేవారి సంగతి మరీ కష్టం. వారు నేర్చుకునేది కంటితో అంకెను ఆపడమే తప్ప, వేలితో బలాన్ని గుర్తుపట్టడం కాదు. రోగి వీపు మీద అంకెలు వెలగవు గనుక, ఫలితాన్ని మెల్లగా దూరం చేయడం కూడా శిక్షణలో భాగమే.

గుర్తుబలాల వరుసను కలగలపండి. ఒక కిలోను వరుసగా పదిసార్లు నొక్కిస్తే మొదటిసారి దొరికిన భావాన్నే చెయ్యి అనుకరిస్తూ పోతుంది. 500 గ్రాముల తరవాత 4 కిలోలు, ఆ వెంటనే 1 కిలో అడిగితే, పెద్ద బలం తరవాత వచ్చే చిన్న బలం మరీ తేలికగా అనిపించి అవసరాన్ని మించి నొక్కడం చూస్తారు. ఇది రోగి దగ్గర కూడా జరుగుతుంది: లోతైన కండరాన్ని పరీక్షించిన వెంటనే పై పొరల వాపును తడిమే చెయ్యి, తనకు తెలియకుండానే బరువుగా ఉంటుంది. నొక్కుల మధ్య కొన్ని సెకన్ల విరామం అలవాటు చేయండి.

బలాన్ని ఎక్కువసేపు నిలిపినప్పుడు అది తెలియకుండానే మారిపోతుందన్న విషయం కూడా ఒకసారి చూపించండి. అంకె కప్పి, ఒక కిలోను 20 సెకన్ల పాటు మార్పు లేకుండా నిలపమనండి. మీరు మాత్రం ఐదు సెకన్లకొకసారి అంకెను రాసుకోండి. తాము కదల్లేదని వారు నమ్ముతున్నంతసేపూ అంకె పైకో కిందికో కదులుతూ ఉంటుంది. స్థిరమైన స్పర్శకు చర్మంలోని గ్రాహకాల స్పందన కొద్దిసేపటికే తగ్గుతుంది గనుక, పాల్పేషన్‌లో నొక్కి వదిలి మళ్ళీ నొక్కడమే మేలు.

6. ఉపరితలాన్ని మార్చండి

తువ్వాలు మీద కుదిరిన చెయ్యి ఫోమ్ మీద తడబడుతుంది. అక్కడే అసలు పాఠం ఉంది.

మెత్తని ఫోమ్, గట్టి ఫోమ్, మడతపెట్టిన తువ్వాలు, ఒట్టి చెక్కముక్క అన్న నాలుగింటినీ ఒకదాని తరవాత ఒకటి స్కేలు మీద పెట్టి, ప్రతిసారీ సున్నాకు తెచ్చి, అన్నిటి మీదా ఒకే బలం, ఉదాహరణకు ఒక కిలో, నొక్కమనండి. చాలామంది తాము బలాన్ని అంచనా వేస్తున్నామనుకుంటూ, నిజానికి వేలు ఎంత లోతుకు దిగిందో చూసి ఆగుతూ ఉంటారు. మెత్తని ఫోమ్‌లో వేలు త్వరగా దిగుతుంది గనుక తక్కువ బలంతోనే ఆగిపోతారు. గట్టి ఫోమ్‌లో అదే లోతుకు చేరడానికి రెట్టింపు నొక్కుతారు. ఈ అలవాటు రోగికి ఎలా పరిణమిస్తుందో ఆలోచించండి. బిగుసుకుపోయి నొప్పితో ఉన్న కండరం మీద, అది లోతుకు దిగనివ్వడం లేదని మరింత బలం పడుతుంది. సడలి ఉన్న రెండో వైపు తక్కువ బలం పడుతుంది. ఆ తరవాత "ఇటువైపు నొప్పి ఎక్కువ" అని రాస్తే, ఆ మాటలో కొంత భాగం పరీక్షించిన చెయ్యి తెచ్చిపెట్టినదే.

దీన్ని సరిచేయడానికి కళ్ళు మూసుకుని నొక్కించడం బాగా పనిచేస్తుంది. వేలు దిగే లోతు కంటికి కనిపించకపోతే, దృష్టి వేలి కొసమీది భారానికీ, ముంజేతి బిగువుకూ మళ్ళుతుంది. నాలుగు ఉపరితలాల మీదా వచ్చిన అంకెల మధ్య తేడా ఐదోవంతుకు మించకుండా వచ్చేదాకా ఈ దశలోనే ఉండండి.

7. నొక్కే భాగాన్ని మార్చండి

బొటనవేలితో మొదలుపెట్టి, చూపుడు, మధ్య వేళ్ళు కలిపి, మూడు వేళ్ళు కలిపి, ఆపై అరచేతి మడమతో ఇవే సాధనలు చేయించండి. ఎడమచేతిని మరవకండి, రెండు వైపులా రెండు చేతులతో ఒకేసారి తడిమి పోల్చే పరీక్షలు ఎన్నో ఉన్నాయి. రెండు స్కేళ్ళు పక్కపక్కన పెట్టి, రెండు బొటనవేళ్ళతో సమానంగా నొక్కమంటే, వాడుక చెయ్యి ఎంత పైచేయి చేస్తుందో తేలిపోతుంది.

బొటనవేలి ఆరోగ్యాన్ని మొదటినుంచీ కాపాడండి. కొస కీలు వెనక్కి విరిగినట్టు వంగితే నొక్కు ఆపించండి. పెద్ద బలాలకు ఒక బొటనవేలి మీద రెండో చేతిని ఆనించి, బలం శరీరపు వాలు నుంచి వచ్చేలా చూడండి. ఒక్కో విడత పది పదిహేను నిమిషాలకు మించకూడదు. అలసిన చెయ్యి సరిగా అంచనా వేయలేదు, వేసినా నేర్చుకోదు.

8. మనిషి మీద సాధన

తోటి విద్యార్థి మీద సాధనకు ముందు అనుమతి అడగాలి, "ఆపండి" అన్న వెంటనే ఆపాలి. ఎముకలు బలహీనపడినవారు, రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు, ఇటీవల గాయం లేదా విరుపు ఉన్నవారు, స్పర్శజ్ఞానం తగ్గినవారు, పిక్కలో వాపు లేదా రక్తం గడ్డకట్టిన అనుమానం ఉన్నవారు, ఆ చోట చర్మవ్యాధి ఉన్నవారు, గర్భవతులు ఈ సాధనకు నమూనాలుగా వద్దు. మెడ ముందు భాగం, ఉదరం, చంక, మోకాలి వెనక గుంట సాధనకు ఎంచుకోకండి. ముంజేయి, తొడ ముందు భాగం, భుజం పైనుండే ట్రపీజియస్ కండరం తగినవి.

మొదట నమూనా వ్యక్తి ముంజేతిని స్కేలు మీద వదులుగా ఆనించి, సున్నాకు తెచ్చి, దానిమీద నొక్కించండి. ముంజేతిని బిగించినా, మోచేతితో పక్క బల్లను ఊతగా పట్టుకున్నా అంకె తప్పుతుంది. ఇక స్కేలు మీద పెట్టడం కుదరని నడుము, తొడ వంటి చోట్లకు ఇంకొక ఉపాయం ఉంది: నొక్కే వ్యక్తే బాత్‌రూమ్ యంత్రం మీద నిలబడాలి. నిశ్చలంగా నిలబడినప్పుడు ముల్లు 60 దగ్గర ఉండి, నొక్కినప్పుడు 56కు తగ్గితే, ఆ నాలుగు కిలోలూ నమూనా వ్యక్తి మీదికి వెళ్ళినట్టే. నొక్కే వ్యక్తి తన తొడను బల్లకు ఆనించకూడదు, మోకాళ్ళు కుదిపి నొక్కకూడదు, ముల్లు స్థిరపడ్డాకే చదవాలి. అర కిలో కంటే చిన్న తేడాలు ఇందులో కనిపించవు గనుక రెండు కిలోలకు పైబడిన బలాలకే దీన్ని వాడండి.

శిక్షకులకు ఒక ప్రత్యేక సూచన. "నేను మీ చేతిమీద నొక్కి చూపిస్తాను, మీరూ అలాగే నొక్కండి" అన్నది అన్నిటికంటే సహజంగా తోచే పద్ధతి. కాని దీనిలో ఒక ఉచ్చు ఉంది. తాను చేసే పని వల్ల తనకు కలిగే స్పర్శను మెదడు తగ్గించి చూపుతుంది గనుక, బయటినుంచి పడిన బలాన్ని తన వేలితో మళ్ళీ ప్రయోగించమంటే మనుషులు దాదాపు ఎప్పుడూ ఎక్కువే నొక్కుతారు. ఆ తరవాత వారు మీమీద నొక్కితే, మీరు మళ్ళీ అంతకంటే ఎక్కువ నొక్కి సరిచేస్తారు. ఇలా ఇద్దరూ పెరుగుతూ పోతారు. చేతిమీద చూపించడం మానాలని కాదు, చూపిన వెంటనే ఇద్దరూ చెరొకసారి స్కేలు మీద నొక్కి అంకెలు పోల్చుకోవాలి.

ఫలితాన్ని ఎలా చూడాలి

ఒక్క నొక్కును చూసి తీర్పు చెప్పకండి. ఒకే గుర్తుబలానికి కనీసం ఐదు అంకెలు తీసుకుని రెండు సంగతులు చూడండి: సగటు గుర్తుబలానికి ఎంత దూరంలో ఉంది, అంకెలు ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయి. 1000 గ్రాములు అడిగినప్పుడు ఒకరు 1180, 1220, 1150, 1260, 1190 నొక్కారనుకోండి. సగటు 1200, అంటే 20 శాతం ఎక్కువ, కాని అతి పెద్ద, అతి చిన్న అంకెల మధ్య తేడా 110 మాత్రమే. ఇంకొకరు 800, 1250, 950, 1150, 850 నొక్కారు. సగటు సరిగ్గా 1000, కాని తేడా 450. తొందరపడి చూస్తే రెండోవారే మెరుగనిపిస్తారు, ఒక్కసారి తప్ప వారు వెయ్యికి దగ్గరగా రాలేదన్నది సగటులో దాగిపోతుంది. మొదటివారి చెయ్యి నిలకడైనది. "ప్రతిసారీ కాస్త తగ్గించండి" అంటే ఒక్క విడతలో సరిపోతుంది. రెండోవారికి నిలబడే తీరు, ఊపిరి, బల్ల ఎత్తు దగ్గరినుంచి మళ్ళీ చూడవలసి ఉంటుంది.

లక్ష్యంగా మొదట 20 శాతం లోపు, తరవాత 15 శాతం లోపు పెట్టుకోండి. సుమారు పది శాతం కంటే చిన్న తేడాలను మనిషి చెయ్యి నమ్మకంగా గుర్తుపట్టలేదు గనుక, అంతకంటే కచ్చితత్వం కోసం పట్టుబట్టి నేర్చుకునేవారిని నిరుత్సాహపరచకండి. 200 గ్రాముల స్థాయిలో శాతాలు సహజంగానే పెద్దవిగా వస్తాయి. అక్కడ 50 గ్రాములు అటూ ఇటూ అయినా అంగీకరించవచ్చు.

అసలు పరీక్ష వారం తరవాత జరగాలి. ఆ రోజు సన్నాహక సాధన ఇవ్వకండి, అంకెలు ముందే చూపకండి. లోపలికి రాగానే మొదటి పది నొక్కులు తీసుకుని, మూడో దశలో రాసిన అంకెల పక్కన పెట్టండి. శిక్షణ ముగిసిన నిమిషంలో వచ్చే చక్కని అంకెలను చూసి సంతోషపడడం సులువే గాని, రోగి దగ్గరకు వెళ్ళేది ఈ వారం తరవాతి చెయ్యే.

తరచుగా జరిగే తప్పులు

ఊపిరి బిగబట్టడం వల్ల భుజాలు లేచి, చేతి భారం పూర్తిగా దిగదు. నొక్కేటప్పుడు మాట్లాడమంటే ఇది చాలావరకు పోతుంది.

వేలి మెత్తని భాగంతో మొదలుపెట్టి, బలం పెరిగేకొద్దీ వేలి కొసకు జారడం మరొకటి. స్కేలులో అంకె మారదు, కాని ఆనిన వైశాల్యం తగ్గి ఒత్తిడి బాగా పెరుగుతుంది, గోరు గుచ్చుకుంటుంది. వేలికి కొద్దిగా పౌడరు అద్ది నల్లని గుడ్డమీద నొక్కిస్తే మచ్చ ఎంత ఉందో కళ్ళకు కడుతుంది.

రోగి ముఖం చూడకపోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. స్కేలుతో ఎక్కువ రోజులు గడిపినవారు మనిషి మీద నొక్కుతూ కూడా మనసులో అంకె లెక్కపెడుతుంటారు. గుర్తుబలానికి చేరకముందే కనుబొమ్మ ముడిపడినా, కండరం వేలికింద బిగిసినా, అక్కడే ఆగాలని ఎనిమిదో దశ మొదటి నొక్కు నుంచే చెప్పండి. రెండు కిలోలు అడిగినప్పుడు 1200 దగ్గరే రోగి కండరం బిగిసిందని గుర్తించి ఆగిన విద్యార్థి తప్పు చేయలేదు, పరీక్షకు కావలసిన సమాచారం సంపాదించాడు.

కేస్ షీట్‌లో "నొక్కితే నొప్పి" అని మాత్రమే రాయడం ఇంకొక లోపం. "కుడి ట్రపీజియస్ పైభాగం, బొటనవేలితో, సుమారు 2 కిలోలకు నొప్పి మొదలు; ఎడమవైపు అదే బలానికి నొప్పి లేదు" అని రాస్తే, తరవాత చూసేవారు అదే పరీక్షను మళ్ళీ చేయగలరు.

నెల తరవాత తీసిన అంకెలు మళ్ళీ 20 శాతం దాటితే శిక్షణ మొత్తం మొదటినుంచీ చేయనక్కర్లేదు. ఐదో దశను ఒక విడత, ఆరో దశను గట్టి ఫోమ్‌తో ఒక విడత చేయిస్తే చాలామంది మళ్ళీ దారికి వస్తారు. అలా రానివారిలో తిమ్మిరి, వేలి కీళ్ళ నొప్పి, ఇటీవలి మణికట్టు గాయం ఏమైనా ఉన్నాయేమో అడిగి, అవి ఉంటే ముందు వాటి సంగతి చూడండి.